పండగ భోజనం, నోటి అదుపు వాదం: ఒక ఖండన

పండగలకూ తిరునాళ్ళకూ పదిమంది చేరినచోట ఆరోగ్యం చెడకుండా భోంచేయడం ఎలాగన్న ప్రశ్నకు తెలుగునాట ఇప్పుడు దాదాపు ఒకే సమాధానం చలామణిలో ఉంది. సంక్రాంతి ఇంకా రాకముందే పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ, టీవీ కార్యక్రమాల్లోనూ, సెల్‌ఫోన్ వీడియోల్లోనూ మొదలయ్యే ఆ సమాధానం ప్రకారం పండగ తిండి స్వభావరీత్యానే ప్రమాదకరం. ఆ ప్రమాదం నుంచి బయటపడటం తినేవారి మనోనిబ్బరాన్ని బట్టి ఉంటుంది. నిబ్బరం చాలనివారికి పంచదార బదులు బెల్లం వాడటం, ఉదయం ఫలహారం మానడం, బూరె సగం కొరికి వదిలేయడం వంటి ఉపాయాలున్నాయి. ఈ వైఖరిని సౌలభ్యం కోసం ‘నోటి అదుపు వాదం’ అనవచ్చు. వినడానికి హితవుగా ఉన్న ఈ వాదంలోని మూడు అంశాలూ, అంటే జబ్బుకు మూలం పండగ తిండి అనడం, బాధ్యత తినేవారిదే అనడం, పరిహారం పై ఉపాయాల్లో ఉందనడం, పరీక్షకు నిలవవని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. పండగ పూట ఎవరి ఆరోగ్యం ఎలా ఉండాలన్నది విస్తరి ముందు కూర్చున్నవారికంటే ముందుగా వంటకాల జాబితా వేసేవారూ, వడ్డించేవారూ, ఏడాది పొడవునా ఆ ఇంటి పొయ్యి మీద ఏది ఉడకాలో నిర్ణయించే పరిస్థితులూ తేలుస్తున్నాయన్నది ఇక్కడి ప్రతిపాదన.

ఇటువంటి వాదాన్ని గాలిలో కాక ఒక ఊళ్ళో నిలబెట్టి చూడటం మేలు. ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, జగ్గయ్యపేటకూ నందిగామకూ దగ్గరగా, మున్నేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు అందుకు తగిన ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన తరువాత ఇది ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ గోపయ్య సమేతంగా కొలువైన లక్ష్మీ తిరుపతమ్మకు మాఘ పౌర్ణమికి పెద్ద తిరునాళ్ళు, ఫాల్గుణంలో చిన్న తిరునాళ్ళు జరుగుతాయి. కృష్ణా, గుంటూరు, ఖమ్మం, నల్లగొండ వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చి, స్నానాలు చేసి, రాళ్ళ పొయ్యి మీద కొత్త బియ్యం, పెసరపప్పు, బెల్లంతో పొంగలి వండి మొక్కు చెల్లించుకుంటాయి. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళలో చుట్టాలు రాని ఇల్లు అరుదు. ఇంటి భోజనం, గుడి ప్రసాదం, దారి పొడవునా మిఠాయి దుకాణాలు మూడూ ఒకేచోట కలిసే సందర్భం గనుక, పండగ తిండి గురించి చెప్పే ఏ మాటకైనా ఇక్కడ గీటురాయి దొరుకుతుంది.

ఖండనకు ముందు పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదాన్ని, దాని పూర్తి బలంతో చెప్పడం న్యాయం. నోటి అదుపు వాదులు లేనిపోని భయాన్ని కల్పిస్తున్నారనడానికి వీల్లేదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి; వాటి ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడపలో ఉన్నారు, పెద్దవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. నలుగురితో కలిసి కూర్చున్నప్పుడు మనిషి ఒంటరిగా తినేదానికంటే ఎక్కువ తింటాడన్న సంగతిని కూడా ఆహార ప్రవర్తనను పరిశీలించినవారు పదేపదే గమనించారు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం అమెరికా నుంచి వచ్చింది. 2000లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ ప్రచురించిన అధ్యయనంలో 195 మంది పెద్దల బరువును నెలల తరబడి తూచి చూడగా, నవంబరు చివరి నుంచి కొత్త సంవత్సరం దాకా సాగే పండగ కాలంలో సగటున 0.37 కిలో పెరిగిందనీ, అలా పెరిగినది తరువాత తగ్గినట్టు కనిపించలేదనీ తేలింది. ఏటా ఇలా కొద్దికొద్దిగా పేరుకున్న బరువే నడివయసు నాటికి స్థూలకాయం అవుతుందని నోటి అదుపు వాదులు అంటారు. ఇదీ వారి వాదంలోని సారం. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చడం కుదరదు.

అయితే ఈ సాక్ష్యాన్నే నిదానంగా చదివితే అది చెప్పేది వేరుగా ఉంటుంది. ఆ అధ్యయనం తూచినది ఒక పండగ పూటను కాదు, ఆరు వారాల కాలాన్ని. అందులో పాల్గొన్నవారు తాము కిలోన్నరకు పైగా పెరిగామని అనుకున్నారు. త్రాసు చూపింది అందులో నాలుగోవంతు. అంటే పండగ భోజనం గురించిన భయం అసలు హానికంటే చాలా పెద్దది, అసలు హాని పండగ రోజుకంటే పండగ తరువాత తెగకుండా సాగే రోజుల్లో ఉంది. తెలుగు ఇళ్ళలో ఈ సాగదీతకు ఆధారం డబ్బాలు. భోగికి ముందు నిండిన అరిసెలు, జంతికలు, సున్నుండల డబ్బాలు మాఘ మాసం దాకా టీ పక్కన పలహారంగా నడుస్తాయి, హైదరాబాదుకూ విజయవాడకూ తిరుగు ప్రయాణం కట్టిన పిల్లల సంచుల్లో చేరి అక్కడ మరికొన్ని వారాలు పండగను పొడిగిస్తాయి. అవి అయ్యేలోగా పెళ్ళిళ్ళు, ఆపైన తిరునాళ్ళు వస్తాయి. కనుక పండగ రోజు విస్తరి ముందు మనిషిని నిలదీసే వాదం, మరునాటి నుంచి అల్మరాలో ఉండే డబ్బాను వదిలేస్తున్నది.

రోజువారీ లెక్క ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, విడిగా కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములకు మించకుండా చూసుకోవాలంటున్నాయి. రోజుకు మూడుసార్లు, సారికి రెండు చెంచాల పంచదార వేసిన టీ తాగే మనిషి, చెంచాకు 5 గ్రాముల లెక్కన, ఆ హద్దును ఏ పండగా లేకుండానే దాటుతున్నాడు. రోజుకు 30 గ్రాముల చొప్పున ఏడాదికి అది దాదాపు 11 కిలోలు. అదే మనిషి ఏడాదిలో పది పండగలు చేసుకుని, ప్రతి పండగకూ 100 గ్రాముల పంచదారకు సరిపడా బూరెలూ పరమాన్నమూ తిన్నాడనుకున్నా మొత్తం ఒక్క కిలోకు మించదు. పదకొండు కిలోల సంగతి ఎత్తకుండా ఒక కిలో మీద ఉపన్యాసాలివ్వడం ఏ వైద్యశాస్త్రానికీ అందని తూకం. మధుమేహం అదుపులో ఉందో లేదో చూడటానికి వైద్యులు చేయించే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా గత రెండు మూడు నెలల రక్తచక్కెర సగటునే చెబుతుంది. ఆ సగటులో ఒక పూట విందు వాటా స్వల్పం, తొంభై రోజుల అన్నం, టీ, నడక, మందుల వాటా అధికం.

అన్నం దగ్గరికి వస్తే మెట్ట ప్రాంతపు చరిత్రే సాక్షి. ఒకప్పుడు వానమీద ఆధారపడిన ఈ నేలలో జొన్న, సజ్జ, కంది, పెసర ప్రధానం. రోజూ పొయ్యి మీద ఉడికేది జొన్న సంకటి గానీ జొన్నన్నం గానీ అయ్యేది, వరి అన్నం పండగకూ చుట్టానికీ వండే వంటగా ఉండేది. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో నీళ్ళు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ కొంత మెట్టను మాగాణి చేసింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని తెచ్చి పేదవాడి కంచంలోకి తెల్ల అన్నాన్ని చేర్చింది. ఆకలి తీర్చిన ఈ రెండు మార్పులనూ తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాకూడదు. అయినా వాటి వల్ల పండగనాటి అన్నం నిత్యాన్నం అయిందనీ, జొన్న పక్కకు తప్పుకుందనీ, పొలం పని తగ్గిన ఒంటికి ఆ మార్పు భారమైందనీ గుర్తించక తప్పదు. 21 దేశాల్లో 1,32,373 మందిని ఏళ్ళ తరబడి పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజుకు 450 గ్రాములు లేదా అంతకంటే ఎక్కువ తెల్ల అన్నం తినేవారికి 150 గ్రాముల లోపు తినేవారికంటే మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. దక్షిణాసియాలో ఈ తేడా మిగతా ప్రాంతాలకంటే బాగా పెద్దది, సుమారు 60 శాతం అధికం. ఇటువంటి పరిశీలన కార్యకారణాన్ని తేల్చి చెప్పదు, సంబంధాన్ని సూచిస్తుంది. ఆ సూచన మాత్రం పండగ బూరె వైపు కాక, మధ్యాహ్నమూ రాత్రీ కంచంలో గుట్టగా పడే అన్నం వైపు వేలు చూపుతున్నది.

పిండివంటల విషయంలోనూ మారినది వంటకం కాదు, దాని వెనకనున్న శ్రమ. అరిసె తయారీని దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. బియ్యాన్ని నానబెట్టి, వాడ్చి, తడి ఆరకుండానే దంచి, జల్లెడ పట్టాలి. బెల్లం పాకాన్ని నీళ్ళలో చుక్క వేస్తే ఉండ కట్టేదాకా కాచి, క్షణం ఆలస్యం చేయకుండా పిండి పోసి కలియబెట్టాలి, దీన్నే చలిమిడి అంటారు. చేతికి నెయ్యి రాసుకుని, నువ్వులు అద్ది, ఆకు మీద వత్తి నూనెలో వదలాలి. పొంగి ఎర్రబడ్డాక తీసి, రెండు చట్రాల మధ్య పెట్టి నూనె కారేదాకా గట్టిగా నొక్కాలి. నలుగురు ఆడవాళ్ళు రోజంతా కూర్చుంటే గానీ ఒక ఇంటికి సరిపడా అరిసెలు కావు. ఆ కష్టమే ఎన్ని తినాలన్నదానికి హద్దు గీసేది, పైగా వాటిని వాయనంగా ఇరుగుపొరుగుకు పంచడం వల్ల ఏ ఇంట్లోనూ గుట్టపడేవి కావు. ఇప్పుడు అవే అరిసెలు ఏడాదంతా కిలోల లెక్కన దుకాణంలో దొరుకుతున్నాయి. చేసే శ్రమ పోయింది, పంచే అలవాటు సన్నగిల్లింది, తినే అవకాశం పెరిగింది. ఈ మార్పును చూడకుండా అరిసెనే దోషిగా నిలబెట్టడం గురి తప్పిన బాణం.

నోటి అదుపు వాదంలోని రెండో అంశం, బాధ్యత తినేవారిదే అన్న మాట, పంక్తి భోజనాన్ని ఒక్కసారి పరికించినా నిలబడదు. పంక్తి లేదా బంతి అంటే అతిథులందరూ వరసగా కూర్చోగా ఒకేసారి వడ్డించే పద్ధతి. అందులో ఏమేమి వండాలో అతిథి నిర్ణయించడు, ఏది ముందు రావాలో నిర్ణయించడు, ఎంత పడాలో కూడా చాలావరకు నిర్ణయించడు. చెయ్యి అడ్డం పెట్టి చాలన్నా, ‘ఇంకొక్కటి వేయించుకోండి బావగారూ’ అంటూ కొసరి వడ్డించడం ఇక్కడి మర్యాద. కాదంటే వండిన తల్లి నొచ్చుకుంటుందన్న మొహమాటం అతిథికి సహజం. అత్తవారి ఇంట్లో కొత్త అల్లుడు గానీ, పెత్తండ్రి ఇంటికి వచ్చిన పిల్లలు గానీ వద్దని గట్టిగా చెప్పగలరనుకోవడం ఈ సమాజాన్ని ఎరగనివారు చేసే ఊహ. అధికారమంతా వడ్డించే చేతిలో ఉండి, బాధ్యతంతా తినే నోటి మీద పడటం న్యాయం కాదు. ఇందులో స్త్రీల స్థితి ఇంకా బరువైనది. ఉదయం నుంచి పొయ్యి దగ్గర నిలబడి, అందరూ తిన్నాక మిగిలినదేదో తినే ఇల్లాలికి ‘ముందు కూరలు ఎక్కువగా తినండి’ అని చెప్పే సలహా అర్థరహితం. ఆమె కూర్చునే వేళకు కూరలు అయిపోయి ఉంటాయి, అన్నమూ పులిహోరా మిగిలి ఉంటాయి.

వడ్డనలోని క్రమం కూడా వైద్యపరంగా చిన్న విషయం కాదు. ఆంధ్ర విస్తరిలో తీపితో మొదలుపెట్టడం శుభం. ఆ వెంటనే పులిహోర, గారె వస్తాయి. పప్పూ కూరా వచ్చేసరికి ఆకలి సగం తీరి ఉంటుంది. 2015లో ‘డయాబెటిస్ కేర్’ అనే వైద్యపత్రికలో వెలువడిన పరిశోధనలో, మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రకాల క్రమంలో పెట్టి చూడగా, కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థాలు తరువాత తిన్నప్పుడు భోజనానంతర రక్తచక్కెర స్పష్టంగా తక్కువగా పెరిగింది. చాలా చిన్న అధ్యయనమే అయినా, దాని తరువాత వచ్చిన పరిశీలనలు కూడా ఇదే దిశను చూపాయి. శుభం కోసం చిటికెడు తీపి నాలుక మీద వేసి, పప్పు, కూరలు, పెరుగుపచ్చళ్ళు ముందుగా వడ్డించి, బూరె, పరమాన్నం చివరికి తేవడానికి ఏ ఆచారమూ అడ్డం రాదు. అయితే ఈ మార్పు చేయగలిగింది వడ్డించేవారే. ఆకులో పడిన బూరెను వదిలేసి, రాని పప్పు కోసం కాచుకు కూర్చోమని అతిథికి చెప్పడం వృథా.

ఆతిథ్యం తగ్గితే మర్యాద దక్కదని కొందరు ఇక్కడ అడ్డుపడతారు. ఈ అభ్యంతరానికి జవాబు ఈ ప్రాంతపు ఆచారంలోనే ఉంది. దీక్ష అంటే నిర్ణీత కాలం మాల ధరించి నియమాలతో గడపడం. తిరుపతమ్మ దీక్ష, భవానీ దీక్ష, అయ్యప్ప దీక్ష తీసుకున్నవారు ఈ పల్లెల్లో వేలల్లో ఉంటారు. దీక్షలో ఉన్న మనిషి చుట్టపుచూపుగా వస్తే, ఉల్లి, వెల్లుల్లి లేని వంట విడిగా చేయడానికి ఏ ఇల్లాలూ విసుక్కోదు, ‘ఒక్క ముక్క తింటే ఏమవుతుంది’ అని ఎవరూ బలవంతపెట్టరు, ఆ నియమాన్ని పాటించడంలో సాయపడటమే పుణ్యమని అందరూ భావిస్తారు. ఒకరి నియమాన్ని ఇల్లంతా తనదిగా మోసే సంస్కారం ఈ సమాజానికి ఉందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. మధుమేహం ఉన్న మేనత్తకూ, రక్తపోటు ఉన్న బాబాయికీ, మూత్రపిండాల జబ్బుతో ఉప్పు తగ్గించుకోవలసిన తాతకూ అదే గౌరవం దక్కకపోవడానికి కారణం సంప్రదాయంలో లేదు. పథ్యాన్ని రోగి బలహీనతగా, ఆ రోగి సొంత సమస్యగా చూడటంలో ఉంది. ఆ చూపును స్థిరపరుస్తున్నది నోటి అదుపు వాదమే.

మూడో అంశమైన ఉపాయాల సంగతి చూస్తే, వాటిలో కొన్ని నిరుపయోగం, కొన్ని ప్రమాదకరం. బెల్లంతో చేస్తే స్వీటు ఆరోగ్యకరమన్న నమ్మకం అన్నిటికంటే బలంగా పాతుకుపోయింది. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పంచదారలో 398 కేలరీలుంటే బెల్లంలో 383 ఉంటాయి. బెల్లంలో ఇనుము, ఇతర ఖనిజాలు కొంత ఉన్నమాట నిజమే గానీ, మధుమేహం ఉన్నవారి రక్తంలోకి అది చేర్చేది కూడా ప్రధానంగా చక్కెరే. పంచదార మానేశామన్న ధీమాతో రెండు బూరెలకు బదులు నాలుగు తినడం ఈ ఉపాయం ఇచ్చే ఫలితం. ఫలహారం మానేసి మధ్యాహ్నం విందుకు పొట్ట ఖాళీగా ఉంచుకోవడం ఇంకా చెడ్డ సలహా. ఇన్సులిన్ తీసుకునేవారూ, క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయించే గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారూ మందు వేసుకుని తిండి ఆలస్యం చేస్తే రక్తచక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, తికమకపడటం, చివరికి స్పృహ తప్పడం దాని లక్షణాలు. నైవేద్యం అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టని తిరునాళ్ళ ఉదయాన, గంటల తరబడి వరసలో నిలబడే పెద్దవారికి ఇది ఊహించదగిన ముప్పు. వారికి కావలసింది మనోనిబ్బరం గురించిన బోధ కాదు. తిరునాళ్ళకు బయలుదేరే ముందే ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవడం, ఉపవాసాన్ని మొక్కు నుంచి మినహాయించుకోవడానికి ఇంటివాళ్ళు ఒప్పుకోవడం.

వేపుడు నూనె విషయంలోనూ తినేవారి తెలివి పనికిరాదు. ఒకే నూనెను మళ్ళీ మళ్ళీ కాచినకొద్దీ అందులో హానికర పదార్థాలు పేరుకుంటాయి. వాటి మొత్తం 25 శాతం దాటిన నూనెను వాడకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్లు, అంటే నూనెను డాల్డాలా గట్టిపరిచే ప్రక్రియలో పుట్టి గుండెకు చేటు చేసే కొవ్వులు, 2 శాతం మించరాదని 2022 జనవరి నుంచి హద్దు విధించింది. తిరునాళ్ళ బాటన జిలేబీ కొనే తల్లి ఆ బాణలిలోని నూనె ఎన్నోసారి కాగుతున్నదో కంటితో చూసి చెప్పలేదు. అది తనిఖీ అధికారి చూడవలసిన పని, దుకాణదారుకు నేర్పవలసిన పని. పౌరుడి నాలుకకు అప్పగించగలిగిన పని ఎంతమాత్రం కాదు.

ఇంతదూరం వచ్చాక మరో పొరపాటు వైపు జారే ప్రమాదముంది గనుక దాన్నీ ఖండించాలి. పెద్దలు ఇవే తిని నూరేళ్ళు బతికారు కాబట్టి ఇప్పుడూ యథేచ్ఛగా తినవచ్చుననే మాట వాస్తవానికి నిలవదు. ఆ పెద్దలు అరక దున్ని, కలుపు తీసి, మైళ్ళు నడిచి, ఏడాదిలో అధికభాగం జొన్న తిని పండగనాడు బూరె తిన్నారు; పైగా వారిలో చాలామంది నూరేళ్ళు బతకలేదు. పండగ పూట ఏమీ కాదులే అన్న మాట ఇన్సులిన్ మీద ఉన్నవారికీ, గుండె నీరసించినవారికీ, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికీ వర్తించదు. ఉప్పు ఎక్కువైన ఒక్క పూట పచ్చళ్ళూ అప్పడాలే వారిని ఆసుపత్రిపాలు చేయగలవు. నోటి అదుపు వాదాన్ని తిరస్కరించడమంటే అదుపే అక్కర్లేదనడం కాదు. ఆ అదుపును ఒక్కరి నుంచి పదిమందికి, ఒక్క రోజు నుంచి ఏడాదికి విస్తరించమనడం.

మనిషికి సొంత బాధ్యత లేదా అన్న ప్రశ్న మిగులుతుంది. ఉంది, వయసొచ్చిన మనిషి తన ఒంటిని తానే చూసుకోవాలి. కానీ బాధ్యత అధికారాన్ని అనుసరించి ఉండాలన్నది ధర్మసూత్రం. మూడు వందల మందికి వంట చేయించే పెళ్ళి పెద్ద, నాలుగు తీపి వంటకాలకు బదులు రెండింటితో సరిపెట్టి, వాటిని చిన్నవిగా చేయించి, ఆ ఖర్చుతో దోసకాయ పప్పు, బీరకాయ కూర, ఆకుకూర, పండ్లు చేర్చగలడు; అతిథి ఎంత నిబ్బరం చూపినా లేని కూరను సృష్టించలేడు. పళ్ళెంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. ఆ సగాన్ని వండించేది ఆతిథేయి. దీనివల్ల స్త్రీల పని పెరుగుతుందన్న భయమూ అక్కర్లేదు. వంటకాల సంఖ్య తగ్గితే పొయ్యి దగ్గర గడిపే వేళా తగ్గుతుంది. అందరితోపాటు ఇల్లాలు కూడా బంతిలో కూర్చోగలుగుతుంది.

పెనుగంచిప్రోలు వంటి క్షేత్రంలో ఈ మార్పుకు నాలుగు చోట్ల చేయి వేయవచ్చు. మొదటిది ఆలయం: అన్నదానపు పంక్తిలో పప్పు చిక్కగా, కూర నిండుగా, మజ్జిగ పల్చగా, ఉప్పు తక్కువగా ఉండేలా చూస్తూ, వారానికి ఒకటి రెండు రోజులైనా మెట్ట నేల పండించిన జొన్ననూ చిరుధాన్యాలనూ వడ్డిస్తే, ఆలయం పెట్టిన పద్ధతి ఇళ్ళకు పాకడానికి ప్రచారం అక్కర్లేదు. ప్రసాదం దొప్పెడు తినడం, మిగిలినది పంచడం అనే పాత నియమాన్ని గుర్తుచేస్తే పవిత్రతకు లోటు రాదు. రెండోది తిరునాళ్ళ నిర్వహణ: మంచినీటి పందిళ్ళు, మజ్జిగ చలివేంద్రాలు దగ్గరదగ్గరగా ఉంటే దాహానికి శీతలపానీయం సీసా కొనే అవసరం తగ్గుతుంది, 250 మిల్లీలీటర్ల సీసాలో ఒక రోజుకు హద్దుగా చెప్పిన చక్కెర మొత్తం ఉంటుంది. దుకాణాల నూనెను పరీక్షించే ఏర్పాటూ, ఉపవాసం వల్ల కళ్ళు తిరిగినవారికి గ్లూకోజు అందించే ప్రథమ చికిత్స శిబిరమూ ఆ ఏర్పాట్లలో భాగం కావాలి. మూడోది వంట కాంట్రాక్టరు, ఇంటి పెద్ద కలిసి వేసే జాబితా. నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, మామూలు రోజుల కంచం: టీలో పంచదార చెంచా తగ్గడం, రాత్రి అన్నం స్థానంలో కొన్ని రోజులైనా జొన్నరొట్టె రావడం, చౌకధరల దుకాణంలో బియ్యంతోపాటు జొన్న, కందిపప్పు సరసమైన ధరకు దొరకడం.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ తినేవారి నోటికి తాళం వేయమనదు, పండగ రుచిని తగ్గించమనదు. ఏడాదిలో మిగతా రోజులు సరిదిద్దుకున్న ఇంట్లో పండగనాటి రెండు బూరెలు భయపడవలసినవి కావు. ఆ రోజుల్ని సరిదిద్దుకోని ఇంట్లో బూరె మానేసినా జబ్బు ఆగదు. కనుక ఆరోగ్య బోధకులు తమ ప్రసంగాన్ని విస్తరి ముందున్న అతిథి వైపు నుంచి గరిటె పట్టినవారి వైపు, జాబితా రాసేవారి వైపు, ధాన్యం ధరలూ తనిఖీలూ నిర్ణయించే పాలకుల వైపు తిప్పాలి. ఇల్లు, ఆలయం, ప్రభుత్వం తలా ఒక పాలు మోయవలసిన భారాన్ని రోగి ఒక్కడి భుజాన మోపి, అతడు మోయలేకపోతే నిందించే వాదం వైద్యమూ కాదు, ధర్మమూ కాదు. దాన్ని విడిచిపెట్టడమే తెలుగు పండగలకూ, ఆ పండగలు చేసుకునే మనుషులకూ క్షేమం.